ఏరి పక్కన పెట్టిన పప్పులు

మా అమ్మ కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ సగమే ఉండేది. శెనక్కాయలు వలిచి వలిచి అరిగిపోయింది. ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటింది. వలుపుడు కూలికి పోవడం మానేసి పదిహేనేళ్లయింది. అయినా ఆ గోరు మళ్లీ సరిగ్గా పెరగలేదు.

మేం యానాదులం. మా నాయన వాళ్లది ఉదయగిరి వైపు, దుర్గం కొండ కనపడే మెట్ట పల్లె. వాన పడితే పని, పడకపోతే వలస. నా చిన్నప్పుడు ఆ మెట్ట చేలల్లో శెనక్కాయ బాగా వేసేవాళ్లు. కాయ పెరికే రోజులు అయిపోగానే మా వాళ్లు పిల్లల్నీ కుండల్నీ తీసుకుని ఆత్మకూరు దిక్కు దిగి వచ్చేవాళ్లు. అక్కడ వరి కోతలుంటాయి, శెనక్కాయల వలుపుడు ఉంటుంది. ఒక షావుకారు కొట్టం ముందు గోతాలు పరుచుకుని ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని వలిచేవాళ్లు. కూలి కుంచాల లెక్క. ఎన్ని కుంచాల పప్పు కొలిస్తే అన్ని రూపాయలు.

ముందు రోజు సాయంత్రమే కాయల రాశి మీద బిందెలతో నీళ్లు చిలకరించి పట్ట కప్పేవాళ్లు. తడిస్తే తొక్క మెత్తబడుతుంది. పప్పు విరగకుండా వస్తుంది, వేళ్లకు నొప్పి కాస్త తగ్గుతుంది, తూకం కూడా కొంచెం పెరుగుతుంది. షావుకారుకూ లాభం, కూలోళ్లకూ సుఖం అనుకునేవాళ్లం. ఆ నీళ్లు చిలకరించే పని పిల్లలది. నేనూ చాలాసార్లు చేశాను. ఎండకు కాగిన కాయల మీద నీళ్లు పడితే లేచే వాసన నాకిప్పటికీ గుర్తుంది.

వలిచిన తరువాత ఏరాలి. నున్నగా, నిండుగా ఉన్న పప్పు గోతాంలోకి. ముడుచుకుపోయినది, విరిగినది, మొలక వచ్చినది, నల్లబడినది, పచ్చగా బూజు అంటినది పక్కన చాటలోకి. సాయంత్రం కొలతలయ్యాక ఆ చాట చాట మా అమ్మ ఒళ్లో పోసేవాళ్లు.

"తీసుకుపో, పిల్లలకు పెట్టుకో."

"మీ దయ సామీ" అనేది అమ్మ.

అది దయే అనుకున్నాం. ఇంటికి తెచ్చి, చెరిగి, ఉప్పునీళ్లు చల్లి పెనం మీద వేయించేది. కొన్ని నూరి పచ్చడి చేసేది. మాకు పండగలాగా ఉండేది. తినేటప్పుడు ఒక్క మాట మాత్రం చెప్పేది: "చేదుంటే మింగబాకండి. ఉమ్మెయ్యండి."

ఆ ఒక్క మాట గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా ఇంటికి శెనక్కాయలు వచ్చే దారులు ఇంకో రెండు ఉండేవి. ఒకటి పరిగె. రైతు చెట్లు పెరికి, కల్లానికి తోలుకున్నాక భూమిలో తెగి మిగిలిన కాయలు ఉంటాయి. వాటిని మేం చిన్న పారలతో, పుల్లలతో తవ్వి ఏరుకునేవాళ్లం. రెండోది ఎలక బొరియలు. ఎలకలు పట్టడంలో మా నాయనకు పేరుండేది. అడుగున బెజ్జం ఉన్న కుండలో గడ్డి పెట్టి, నిప్పు రాజేసి, బొరియ మూతికి ఆనించి పొగ ఊదేవాడు. ఎలక దొరికాక బొరియ చివరిదాకా తవ్వితే ఎలక దాచుకున్న కాయలు, వడ్లు దొరికేవి. ఎలకను పడితే రైతుకు మేలు కాబట్టి బొరియలో గింజలు మాకే అనే వాడుక ఉండేది. ఒక్కో బొరియలో ఒక పూట తిండి దొరికిన రోజులున్నాయి.

అంటే చూడండి, మాకు చేరే ప్రతి కాయా ఎవరో వదిలేసినదే. రైతు వదిలేసినది, షావుకారు వదిలేసినది, ఎలక దాచుకున్నది. ఎక్కువ రోజులు మన్నులో ఉండిపోయినది, పురుగు కొరికినది, పార దెబ్బ తగిలినది. బూజు విషం ఎక్కువగా చేరేది సరిగ్గా ఇలాంటి కాయల్లోనేనని నాకు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

నేను పల్లెపాడు డైట్‌లో టీచరు శిక్షణ చేశాను. మా కాలనీలో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. శిలీంధ్రాల పాఠం చదివాను, తరువాత పిల్లలకు చెప్పాను కూడా. రొట్టె మీద బూజు, పుట్టగొడుగులు, పెన్సిలిన్. బూజులో నుంచి మందు వచ్చిందని ఎంతో గొప్పగా చెప్పేదాన్ని. అదే బూజు జాతుల్లో నుంచి విషం కూడా వస్తుందని, అది మా ఇంటి చాటలోనే ఉందని ఆ పాఠంలో లేదు.

నేను శిక్షణలో ఉన్న రెండో ఏడాది మా నాయన చనిపోయాడు. ముందు కళ్లు పచ్చబడ్డాయి. పసరు మందు వేయించారు. తరువాత పొట్ట ఉబ్బింది, కాళ్లకు నీరు దిగింది. పెద్దాసుపత్రికి తీసుకుపోతే లివరు పాడైందన్నారు. "తాగుతాడా?" అని అడిగారు. తాగుతాడని చెప్పాం. అది నిజమే. అంతటితో ప్రశ్నలు అయిపోయాయి. యానాదివాడు లివరు చెడి చనిపోతే కారణం వెతకాల్సిన పని ఎవరికీ ఉండదు. మేమూ అదే నమ్మాం. మా అమ్మ ఇరవై ఏళ్లు సారాను తిడుతూ బతికింది.

2021 నవంబరులో వానలు మీకు గుర్తుండే ఉంటాయి. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగిపోయింది. సోమశిల గేట్లెత్తితే పెన్న ఊళ్ల మీదికి వచ్చింది. నేనప్పుడు ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో పని చేస్తున్నాను. బడి పక్కనే గిరిజన కాలనీ. వానలకు ముందు కాలనీ వాళ్లు కొందరు మెట్టకు కాయ పెరికే పనికి పోయి, కూలిలో కొంత కాయలుగా తెచ్చుకున్నారు. అవి ఆరనే లేదు, మోడం పట్టింది. గుడిసెల్లో ఒక మూల గోతాల్లో వారం పదిరోజులు ఉండిపోయాయి. కప్పు కారింది, కింద నేల చెమ్మ. వాన వెలిశాక గోతాం విప్పితే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి, ముక్కిన వాసన. పైన పచ్చటి పొడి.

మా బడిలో మూడో తరగతి పాప వాళ్లింట్లో తొమ్మిది బాతులు ఉండేవి. పనికిరావనుకున్న పప్పును దంచి బాతులకు వేశారు. నాలుగైదు రోజుల్లో ఏడు బాతులు చచ్చిపోయాయి. ఆ పాప ఏడ్చుకుంటూ బడికి వచ్చింది. వాన జబ్బు అన్నారు కొందరు. పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన మాత్రం "ఏం మేపారు?" అని అడిగాడు. చెప్తే, "బూజు పట్టిన చెనిక్కాయ బాతులకు, కోళ్లకు పెట్టగూడదమ్మా, లివరు పోతుంది. పరీక్ష చేస్తేగాని ఇదేనని చెప్పలేం, కానీ మిగిలింది మాత్రం పెట్టబాకండి" అన్నాడు.

ఆ పాప గౌను జేబులో అవే పప్పులు ఉన్నాయి. బడికి తింటానికి తెచ్చుకుంది.

ఇంకో సంగతి కూడా నేను దాచకుండా చెప్పాలి. అంతకు ముందు వారమే, అదే తరగతిలో ఒక పిల్లవాడు పప్పులు నములుతూ గోడవారకు పోయి ఉమ్మాడు. నేను కోప్పడ్డాను. "తిండి ఉమ్మితే కళ్లు పోతాయిరా, మింగు" అన్నాను. వాడు నా మొహం చూసి మింగాడు. మా అమ్మ చదువుకోలేదు, ఉమ్మెయ్యమంది. నేను చదువుకుని, మింగమన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరువాత సెలవుల్లో కూర్చుని దొరికినంత చదివాను. తెలిసిన వ్యవసాయ విస్తరణాధికారిని అడిగాను. నాకు అర్థమైనది, నా పిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెప్తాను.

1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ జబ్బో తెలియక దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ పిండి దాణాలో దొరికింది కారణం. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఆ పిండిలో ఒక విషం వదిలింది. బూజు పేరులోని మొదటి అక్షరం, ఫ్లేవస్‌లోని ముందు ముక్క, విషం అనే అర్థం వచ్చే టాక్సిన్, మూడూ కలిపి దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. మనుషుల్లో ఇది కాలేయ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సరు పరిశోధన సంస్థ 1987లోనే తేల్చింది. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ఈ విషం కూడా తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే బిడ్డ పుట్టగానే వేసే హెపటైటిస్-బి టీకా మన కాలనీల్లో ఒక్కరికి కూడా తప్పిపోగూడదు.

ఆ చదువులో ఒకచోట నా చెయ్యి ఆగిపోయింది. 1974 చివర్లో రాజస్థాన్‌లో బాంస్వాడా, గుజరాత్‌లో పంచమహల్ జిల్లాల్లో రెండొందలకు పైగా పల్లెల్లో ఒక జబ్బు వచ్చింది. అక్కడ ఎక్కువ మంది భిల్లు ఆదివాసులు. వాళ్ల తిండి మొక్కజొన్న. కోతకు వచ్చిన కంకుల మీద అకాల వానలు పడ్డాయి. సరిగ్గా ఎండకుండానే ఇళ్లల్లో నిలవ చేశారు, బూజు పట్టింది. వేరే తిండి లేక అదే తిన్నారు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. వాళ్ల తిండి తిన్న కుక్కలు కూడా అదే జబ్బుతో చచ్చిపోయాయి. దీన్ని పరిశోధించినవాళ్లలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. 1975లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ మొక్కజొన్నలో కిలోకు 6 మిల్లీగ్రాముల నుంచి 15 మిల్లీగ్రాముల పైదాకా విషం ఉంది. 2004లో ఆఫ్రికాలోని కెన్యాలో అదే కథ మళ్లీ జరిగింది. అదే మొక్కజొన్న, అదే చెమ్మ, అదే పేదోళ్లు. 317 మందికి జబ్బు చేస్తే 125 మంది చనిపోయారు.

కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు. ఆ రెండు మాటల దగ్గర నాకు మా నాయన కనపడ్డాడు. మా నాయన పప్పుల వల్లే చనిపోయాడని నేను చెప్పడంలేదు. ఎవరూ పరీక్ష చెయ్యలేదు, చెప్పే హక్కు నాకు లేదు. ఆయన తాగేవాడు. కానీ అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి మాత్రం అడగలేదని చెప్పే హక్కు నాకుంది. "ఏం తాగుతాడు?" అని అడిగారు. "ఏం తింటాడు?" అని ఎవరూ అడగలేదు. బాతుల గురించి అడిగిన ప్రశ్న మా నాయన గురించి అడగలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. భిల్లుల సంగతి తెలిసి రాసింది 1975లో. అప్పటికి నేను పుట్టలేదు. ఆ కబురు హైదరాబాదు నుంచి ఆత్మకూరుకు రావడానికి నలభై ఆరేళ్లు పట్టింది. అది కూడా ఏడు బాతులు చస్తే వచ్చింది.

ఈ విషం ఎంత ఉంటే ప్రమాదం అని అడుగుతారు. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ధాన్యాలకు, పప్పులకు, మళ్లీ ఏరి శుభ్రం చేసే వేరుశెనగకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. నేరుగా తినేదానికైతే 10. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశెనగకు 4 దాటితే ఒప్పుకోవు. ఐదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాను. కిలోకు 15 మైక్రోగ్రాములంటే టన్నుకు 15 మిల్లీగ్రాములు. ఒక సన్న వడ్ల గింజ ఎంత బరువుంటుందో సుమారుగా అంత. టన్ను పప్పులో అంత విషం మించితే హద్దు దాటినట్టే. భిల్లులు తిన్న మొక్కజొన్నలో అతి తక్కువ ఉన్నచోట కూడా ఈ హద్దుకు నాలుగు వందల రెట్లు పైన ఉంది. పిల్లలు లెక్క చేసి నోరు తెరిచారు.

టన్ను పప్పులో విషం అన్ని గింజల్లోనూ సమానంగా ఉండదు. చాలా గింజలు శుభ్రంగా ఉంటాయి, కొన్ని గింజల్లోనే కుప్పగా ఉంటుంది. అవి ఎక్కువగా ముడుచుకున్నవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, విరిగినవి. అందుకే ఏరితే సరుకు బాగుపడుతుంది. చేత్తో ఏరడం ఈ విషానికి ఈనాటికీ మంచి మందే. మా అమ్మలాంటి వాళ్లు ఇరవై మంది గోతాల మీద కూర్చుని, గోళ్లు అరగ్గొట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ల కోసం విషం ఏరి పెట్టారు. ఏరిన విషాన్ని కూలిలో భాగంగా ఇంటికి తెచ్చుకున్నారు. సరుకు ఎంత శుభ్రమైతే ఆ చాట అంత చెడ్డది.

మా దగ్గర డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. బేలులో చెమ్మ ఎక్కువైనా, బూజు వాసన వచ్చినా కొనేవాళ్లు పక్కకు నెట్టేస్తారు. రైతు లబోదిబోమంటాడు. కాల్చి పొగ ఊదేసే ఆకుకు అంత పరీక్ష ఉంది. కూలి కింద ఒళ్లో పోసే పప్పుకు ఏ పరీక్షా లేదు.

నాకు తెలిసింది కాలనీలో చెప్పాలని ఒక ఆదివారం సాయంత్రం పోయాను. వేపచెట్టు కింద ఆడవాళ్లను కూర్చోబెట్టి అంతా చెప్పాను. వండినా పోదని చెప్పాను. ఉడకబెట్టినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. కడిగినా పోదు. బూజు తుడిచేస్తే కంటికి కనపడేది పోతుంది, పప్పులోకి దిగిన విషం అట్లాగే ఉంటుంది. అందుకని పాడైనవన్నీ పారెయ్యండి అన్నాను.

బాతులు పోగొట్టుకున్న పాప వాళ్లమ్మ లేచింది.

"పారెయ్యమంటుండావక్కా. సరే. మరి రేపు పిల్లలకు ఏం పెట్టమంటావో అదీ చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. నేను జీతం తీసుకునేదాన్ని. నెలకు ఒకసారి మంచి పప్పు కొనుక్కునేదాన్ని. ఆమె చేతిలో ఉన్నది రెండు వారాల కూలి. దాన్ని మట్టిలో పోయమని చెప్పడానికి నేనెవరు? ఒక ముసలామె మాత్రం మెల్లగా అంది: "మన పెద్దోళ్లకు తెలవదా ఏంది. చేదుంటే ఉమ్మమనేవోళ్లు గదా." అవును, మన పెద్దోళ్లకు సగం తెలుసు. చేదుగా ఉన్నది మంచిది కాదని తెలుసు. తెలియని సగం ఏమిటంటే, విషం ఉన్న ప్రతి పప్పూ చేదుగా ఉండదు.

ఆ రోజు గోతాలన్నీ బయటికి తెచ్చి పట్టల మీద పోసి అందరం కలిసి ఏరాం. మంచివి వేరు, కొంచెం అనుమానం ఉన్నవి కూడా చెడ్డవాటిలోకే. మూడో వంతుకు పైగా పోయింది. పోయినదాన్ని ఊరి బయట తగలబెట్టాం. కోళ్లకూ, బర్రెలకూ వెయ్యొద్దన్నాను. బర్రె తింటే ఆ విషం రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది, ఆ పాలు మళ్లీ పిల్లలకే పోస్తాం. మంట చూస్తూ ఎవరూ మాట్లాడలేదు. అన్నం తగలబెట్టినట్టే ఉంది. పోయిన కూలికి ఏదో కొంత సర్దుదామని బడిలో టీచర్లం తలా కొంచెం వేసి బియ్యం, కందిపప్పు కొని ఇచ్చాం. అది ఒక్కసారికే సరిపోయింది. అది దారి కాదని మాకూ తెలుసు.

దారి కూలి దగ్గర ఉంది. తరువాతి ఏడాది కాయ పనులు మొదలవక ముందే నలుగురు ఆడవాళ్లతో కలిసి పని ఇచ్చే ఒక షావుకారు దగ్గరికి పోయాను. ఏరివేత పప్పు మాకొద్దు, దానికి బదులు కుంచానికి ఇంత డబ్బు కలపండి అని అడిగాం. ఆయనకు కోపం వచ్చింది.

"మేమేమన్నా విషం పెడుతున్నామా టీచరమ్మా? వాళ్లే అడుక్కుని తీసుకుపోతారు."

"అడుక్కోవడం మానేస్తున్నాం సామీ, అదే చెప్పడానికి వచ్చాం" అంది బాతుల పాప వాళ్లమ్మ. నేను చెప్పాల్సిన మాట ఆమే చెప్పింది.

రెండు రోజులు పని ఆపారు. మూడో రోజు కొంత కలిపాడు. అడిగినంత కాదు. కాయల మీద నీళ్లు చిలకరించడం మాత్రం మానలేదు, తొందరగా వలవాలి కదా అన్నాడు. ఏరివేత పప్పు ఇప్పుడు కాలనీకి రావడం లేదు. కానీ అది ఎక్కడికో పోతూనే ఉంది. గానుగకు పోతుందని విన్నాను. విషం చాలావరకు చెక్కలో ఉండిపోతుంది, శుద్ధి చెయ్యని నూనెలో కొంత మిగలొచ్చు. ఆ చెక్క మళ్లీ బర్రెల తొట్టిలోకే. మా చాట లోంచి తప్పించాం, లోకంలోంచి తప్పించలేదు. ఇది గెలుపు అని రాసుకోవడానికి నాకు మనసు రాలేదు.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. ఈ పుస్తకం చదివే మనవాళ్లలో సొంతానికో కౌలుకో అర ఎకరం వేసేవాళ్లు ఉన్నారు, కూలికి పోయేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

ఈ బూజు మన్నులోనే ఉంటుంది. కాయ గట్టిపడే చివరి నెలలో బెట్ట తగిలి భూమి వేడెక్కితే చెట్టు మీదుండగానే కాయలోకి దూరుతుంది. మన మెట్టలో బెట్టా ఎక్కువే, తరువాత కాయ పెరికే వేళకు అక్టోబరు నవంబరు వానలూ వస్తాయి. రెండు దెబ్బలూ తగులుతాయి. అందుకని చివర్లో ఒక్క తడి పెట్టగలిగితే పెట్టాలి. పూత సమయంలో జిప్సం వేస్తే కాయ తొక్క గట్టిపడి బూజు దూరడం తగ్గుతుంది. కాయ ముదిరాక చేలో ఉంచగూడదు. పెరికేటప్పుడు పార దెబ్బ తగలకుండా చూడాలి. పెరికిన చెట్లను కాయలు పైకి, ఆకు కిందికి ఉండేట్టు తిరగేసి ఆరబెట్టాలి. పచ్చి చెట్లను కుప్ప వేస్తే లోపల ఉడుకుతుంది.

కోసిన కాయను ఉత్త నేల మీద కాకుండా పట్టల మీద పలచగా పోసి ఆరబెట్టాలి, పొద్దు గూకకముందే మంచు పడకుండా కప్పాలి. ఊపితే లోపల పప్పు గలగలమనాలి, వేలితో రుద్దితే పై పొర ఊడిరావాలి, కొరికితే టక్కుమని విరగాలి. పప్పులో తేమ నూటికి ఎనిమిది పాళ్లకు మించగూడదంటారు. మన దగ్గర తేమ కొలిచే మిషను లేదు, చెవీ పళ్లే మనకు మిషను. ఎండిన కాయను గోనె గోతాల్లో పోసి, చెక్కల మీద, గోడకు తగలకుండా పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ కాయ పోసి మూతి కడితే అందులో బూజును మనమే పెంచినట్టు. వలవడానికి నీళ్లు చిలకరించగూడదు. వేళ్లు నొప్పి పుడతాయి, నిజమే. ఆ నొప్పికి కూలి అడగాలి గాని నీళ్లు కాదు.

పరిగె ఏరుకునేవాళ్లు చేను కోసిన రెండు మూడు రోజుల్లోనే ఏరుకోండి. వాన పడి వెలిసిన చేలో ఏరబాకండి. పగిలినది, మొలకెత్తినది, బెజ్జం ఉన్నది ఒళ్లో వేసుకోబాకండి. మొక్కజొన్నకూ, ఎండుమిరపకాయకూ, తడిసిన బియ్యానికీ ఇదే మాట. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు కూడా కొన్ని ఇళ్లల్లో బియ్యం తడిసింది. ఈసారి ముందే తిరిగి చెప్పాం.

బడిలో మేం ఒక అలవాటు పెట్టుకున్నాం. 2020 నుంచి పిల్లలకు మధ్యాహ్న భోజనంతో పాటు వేరుశెనగ చిక్కీ ఇస్తున్నారు. మంచి పప్పుతో చేసిన చిక్కీ మన పిల్లలకు మంచి బలం. వేరుశెనగ చెడ్డది కాదు, చెమ్మ చెడ్డది. పంచే ముందు ఒక టీచరు విరిచి వాసన చూస్తుంది, ఒక ముక్క కొరుకుతుంది. పిల్లలకు చెప్పాం, చేదు తగిలితే ఉమ్మి వచ్చి మాకు చూపించండి, ఎవరూ కొట్టరు అని. ఆ రోజు నేను మింగమన్న పిల్లవాడిని పిలిచి, "ఆ రోజు నాదే తప్పురా" అని చెప్పాను. వాడికి గుర్తే లేదు. నాకుంది.

పోయిన చలికాలం ఉదయగిరి నుంచి మా పెదనాయన కొడుకు ఐదు కిలోల కాయలు పంపించాడు. ఇంట్లో మా అమ్మ, నా కొడుకు కూర్చుని వలుస్తున్నారు. బడి నుంచి వచ్చి చూస్తే నిండు పప్పులన్నీ గిన్నెలో ఉన్నాయి. ముడుచుకున్నవి, నల్లవి అమ్మ కొంగులో ఉన్నాయి.

"అవెందుకమ్మా?"

"ఇయ్యి నాకులే. మంచియ్యి పిల్లోడికి."

ఆమెకు ఇంట్లో అన్నీ ఉన్నాయి. అయినా చెయ్యి తనకు తెలియకుండానే చెడ్డవాటిని తన కొంగులోకి ఏరుకుంటోంది. నేను పక్కన కూర్చుని బాతుల సంగతి, భిల్లుల సంగతి మొత్తం చెప్పాను. నాయన సంగతి చెప్పలేదు. కానీ ఆమె పిచ్చిది కాదు. చాలాసేపు ఊరుకుని అడిగింది:

"అయితే ఇన్నేళ్లు నేను మీకు పెట్టింది ఏంది పాపా?"

దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు చూసుకోలేదు నేను. "ఉన్నది పెట్టావమ్మా. చేదుంటే ఉమ్మమన్నావు. అందుకే ఇక్కడ ఉండాం" అన్నాను.

ఆమె కొంగు విప్పి పప్పులు చాటలో పోసింది. పెరట్లో నీళ్ల పొయ్యి మండుతోంది. చాట తీసుకుపోయి, మంటలో పొయ్యకముందు వంగి మళ్లీ ఒకసారి చూసింది. రెండు పప్పులు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యి బాగుండాయి. చూసుకోకుండా పడేసినా."

వెలుతురులో పట్టి చూశాను. నిజంగానే బాగున్నాయి. గిన్నెలో వేశాను. మిగతావి ఆమే పొయ్యిలో పోసింది.